స్కాన్ గదిలో చప్పుడు చెయ్యని బటన్

సీటీ స్కాన్ టెక్నీషియన్ ఉద్యోగంలో కొత్తగా చేరబోయే పిల్లలు ఈమధ్య అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తున్నారు. "కరుణ మేడం గారూ, పనిలో ముందు ఏం నేర్చుకోవాలండీ?" అని అడుగుతారు. మిషన్ల గురించి నేను చెప్పేదేమీ లేదు. నేను పనిచేసిన మిషన్లు ఇప్పుడు ఎక్కడా లేవు. నాకు జీతం ఎప్పుడు పెరిగిందో, సీనియర్ అని ఎప్పటి నుంచి పిలిచారో వాళ్ళకి అనవసరం. వాళ్ళకి పనికొచ్చేది ఒకటుంది. అది ఒక బటన్ గురించి, ఒక డాక్టరు గారి గురించి, ఒక వానాకాలం మధ్యాహ్నం గురించి.

బటన్ నేర్పిన ఇంజనీరు

రాజమండ్రిలో ఒక ప్రైవేటు స్కాన్ సెంటర్‌లో చేరేనాటికి నాకు తెలిసింది ఎక్స్‌రే పని ఒక్కటే. డార్క్‌రూమ్‌లో ఎర్ర దీపం కింద ఫిల్ముని నీళ్ళలోంచి తీసి, క్లిప్పుకి తగిలించి, ఆరేదాకా చూసేవాళ్ళం. చేతులకి ఆ మందు వాసన అన్నం తినేటప్పుడు కూడా పోయేది కాదు. కానీ అందులో ఒక ధైర్యం ఉంది. తీసిన బొమ్మ తడి తడిగా చేతిలో ఉండేది. ఉందా లేదా అన్న సందేహం లేదు.

తొంభైల చివర్లో సీటీ మిషన్ పక్కన ఒక మామూలు కంప్యూటర్ పెట్టారు. మిషన్ తీసిన బొమ్మలు అందులోకి వస్తాయి. తెర మీద చూసి, మంచివి ఏరి, ఫిల్ము మీద అచ్చు వెయ్యాలి. వచ్చిన వారంలోనే అది మొరాయించింది. తెర మధ్యలో ఇంగ్లీషులో ఏదో రాసి ఉన్న చిన్న పెట్టె వచ్చింది. కంగారులో ఓకే నొక్కేశాను. పెట్టె మాయమైంది, పని మాత్రం ఆగిపోయింది.

హైదరాబాదులో ఉండే సర్వీసు ఇంజనీరుకి ఫోన్ చేశాను.

"పెట్టెలో ఏం రాసుందండీ?" అన్నాడు.

"చదవలేదండి. ఓకే కొట్టేశాను."

ఆయన నవ్వలేదు. "మళ్ళీ వచ్చినప్పుడు ఓకే కొట్టకండి. కీబోర్డు పైవరసలో కుడివైపు ప్రింట్ స్క్రీన్ అని ఉంటుంది చూడండి. అది నొక్కండి. తర్వాత బొమ్మలు గీసే పెయింట్ ప్రోగ్రాం తెరిచి, కంట్రోల్ పట్టుకుని వి కొట్టండి. తెర మీద ఉన్నదంతా బొమ్మలా వచ్చేస్తుంది."

ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని నొక్కాను. ప్రింటర్ కదలలేదు. తెర కనీసం రెప్ప కూడా వెయ్యలేదు.

"ఏమీ అవలేదండి."

"అవదండి. అది అలాగే ఉంటుంది. ఇప్పుడు పెయింట్ తెరవండి."

తెరిచి, కంట్రోల్, వి కొడితే నిజంగానే బొమ్మ వచ్చింది. ఆల్ట్ కూడా కలిపి నొక్కితే తెరంతా కాకుండా ముందు తెరిచి ఉన్న కిటికీ, అంటే విండో, ఒక్కటే వస్తుందని కూడా ఆయనే చెప్పాడు. ఒకసారి తీసిన బొమ్మ కంప్యూటర్ లోపల ఎక్కడో కనపడకుండా ఉంటుంది, ఇంకోటి తీసేదాకా అదే ఉంటుంది, ఒక్కసారికి ఒక్కటే పడుతుంది అన్నాడు. ఆ చివరి మాటని నేను అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు. నన్ను పట్టుకున్న భయం వేరు. నొక్కితే పలకని బటన్‌ని ఎలా నమ్మాలి? కనీసం టిక్కుమని అన్నా అనదే!

మా డాక్టరు గారు

మా రేడియాలజిస్టు రాఘవరావు గారు అంతకన్నా పెద్ద భయస్తుడు. ఇంటికి వెళ్ళడానికి స్కూటర్ స్టార్ట్ చేసి, మళ్ళీ దిగి వచ్చి, "రిపోర్టులో కుడి అని రాశానా, ఎడమ అని రాశానా?" అని అడిగే మనిషి. అప్పటికే రిపోర్టు పెట్టి అంటించిన కవరు చింపి చూపించేవాళ్ళం. సరిగ్గానే రాసేవారు. అయినా మర్నాడు మళ్ళీ అంతే.

ఆయన పెట్టిన నియమం ఒకటుండేది. గదిలోంచి ఏ బొమ్మ బయటికి వెళ్ళాలన్నా ముందు దాని మూల మీదున్న పేరు, ఆడా మగా, ఏ వైపు దెబ్బ, ఇవి పైకి చదవాలి. మనసులో చదివితే కుదరదు. స్కాన్ బొమ్మలో మనిషి మనకి ఎదురుగా ఉన్నట్టు లెక్క కాబట్టి, అతని ఎడమ మనకి కుడిచేతి వైపు కనిపిస్తుంది. ఎన్నేళ్ళ అనుభవం ఉన్నా అలిసిపోయినప్పుడు బుర్ర తిరగేస్తుంది. అందుకని నోటితో అనాలి అనేవారు. నేనూ, నాతో పనిచేసే ప్రసాదూ ఆయన లేనప్పుడు టీ తాగుతూ, "టీ గ్లాసు, ప్రసాదు, కుడిచెయ్యి" అని చదువుకుని నవ్వుకునేవాళ్ళం.

ఉన్నమాట చెబుతాను. అలాంటి బాస్ కింద పనిచేయడం కష్టం. ఆయన భయం మనకి అంటుకుంటుంది. ఇంటికొచ్చాక కూడా ఈరోజు ఏదో తప్పు చేసే ఉంటాననిపిస్తుంది, అదేంటో మాత్రం తెలియదు. అయితే ధైర్యంగా, చకచకా పనిచేసే బాస్‌ల దగ్గర కూడా తర్వాత చేశాను. ఈ రెండు రకాల్లో నా ఇంట్లోవాళ్ళకి స్కాన్ అవసరమైతే ఎవరి దగ్గరికి తీసుకెళ్తానంటే, రాఘవరావు గారి దగ్గరికే.

తెరబొమ్మలంటే ఆయనకి ఇష్టం ఉండేది కాదు. "బొమ్మకి బొమ్మ తీయడమేంటండీ? ఫిల్ము అయితే సంతకం పెడతాను. దీనికి ఎక్కడ పెట్టను?" అనేవారు. నర్సింగ్ పిల్లలకి పాఠం చెప్పడానికి మాత్రం తీసిపెట్టమనేవారు.

కొబ్బరి చెట్టు మీంచి పడిన మనిషి

ఆ రోజు పొద్దున్న సత్యవతి గారని ఒక పెద్దావిడ వచ్చారు. బాత్రూంలో జారి పడ్డారు. తలలో కుడివైపు కొద్దిగా రక్తం చేరింది. ఆపరేషన్ అక్కర్లేదు, ఆసుపత్రిలో ఉంచి చూస్తే చాలు అన్నారు డాక్టరు గారు. "పాఠానికి పనికొస్తుంది, ఒక బొమ్మ తీసి ఉంచండి" అంటే తీశాను.

మధ్యాహ్నం భోజనాల వేళకి ఒక జీపు వచ్చి ఆగింది. వాన ఏకధారగా కురుస్తోంది. రామచంద్రపురం దగ్గర పల్లెటూరు నుంచి ఒక మనిషిని తెచ్చారు. పేరు దొరబాబు. కొబ్బరికాయల దింపుకి వెళ్ళేవాడు. తడి చెట్టు మీద కాలు జారింది. వెంట అతని భార్య నాగమణి ఉంది. చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా బురద.

"పడ్డాక లేచి కూర్చున్నాడండీ. మంచినీళ్ళు అడిగి తాగేడు. నాకేం కాలేదే అన్నాడు. దారిలో మాట ముద్దయిపోయిందండీ. ఇప్పుడు పిలిస్తే పలకట్లేదు" అంది.

ఆ మాట వినగానే రాఘవరావు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. పడ్డాక బాగానే ఉండి, తర్వాత మత్తులోకి జారడం అంటే ఏంటో మాకందరికీ తెలుసు. పుర్రెకీ మెదడుకీ మధ్య రక్తం నిండుతూ మెదడుని నొక్కుతోందన్నమాట. త్వరగా తీసేస్తే మనిషి దక్కుతాడు, ఆలస్యమైతే దక్కడు.

స్కాన్‌లో అదే కనిపించింది. ఎడమవైపు, చెవికి పైన, తెల్లగా ఉబ్బెత్తుగా పేరుకుపోయిన రక్తం. మా ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క న్యూరో సర్జన్ ఆ వారం వేరే ఊరు వెళ్ళారు. విశాఖ పంపిద్దామంటే దారిలో వంతెన మీద నీళ్ళు పారుతున్నాయి, లారీలు కదలడం లేదు. పక్క ఆసుపత్రిలో మూర్తి గారని జనరల్ సర్జన్ ఉన్నారు. ఆయనకి ఫోన్ చేస్తే, "తెరుస్తానండీ, చెయ్యగలను. కానీ తల నా పని కాదు. విశాఖలో నాకు తెలిసిన న్యూరో సర్జన్ గారున్నారు. ఆయన బొమ్మ చూసి ఎక్కడ తెరవాలో చెబితే చేస్తాను" అన్నారు.

ఫిల్ము రెక్కలు కట్టుకుని విశాఖ వెళ్ళదు. నేను తెరబొమ్మ తీసి ఈమెయిల్‌లో పంపుదామన్నాను. మా సెంటర్‌లో ఇంటర్నెట్ లేదు. నాలుగు వీధుల అవతల నెట్ సెంటర్ ఉంది, ఫ్లాపీ డిస్కులో వేసి తీసుకెళ్ళాలి.

"పొరపాటు బొమ్మ వెళ్తే?" అన్నారు రాఘవరావు గారు.

"వెళ్ళకుండా చూద్దామండీ."

"అయితే నేనే తీస్తాను. బాధ్యత నాది."

ఆయన కుర్చీలో కూర్చుని, దొరబాబు బొమ్మ తెర మీద ముందుకి తెచ్చి, ఆల్ట్ పట్టుకుని ప్రింట్ స్క్రీన్ నొక్కారు. రోగి పొట్ట తడిమి చూసినంత మెత్తగా నొక్కారు. ఆ కీబోర్డు పాతది. గట్టిగా నొక్కితే తప్ప ఆ వరసలో బటన్లు పనిచేసేవి కాదు. ఓనరుకి చెబుతూనే ఉన్నాం, మారుస్తానంటూనే ఉన్నారు. అంతలో ఫోన్ మోగింది, మూర్తి గారు. డాక్టరు గారు ఫోన్ అందుకుని అటు తిరిగారు. కుర్చీ పక్కన నిలబడే నేను పెయింట్ తెరిచి, కంట్రోల్, వి కొట్టాను.

బొమ్మ వచ్చింది. పెద్ద బొమ్మ కాబట్టి పెయింట్ కిటికీలో పై ముక్క మాత్రమే కనబడుతోంది. పుర్రె పైభాగపు తెల్లటి గీత, మూల మీద అక్షరాలు. హమ్మయ్య అనుకున్నాను. ప్రసాద్ అప్పటికే చెప్పులు తొడుక్కుని, ఫ్లాపీ కోసం చెయ్యి చాచి నిలబడ్డాడు.

"చదవండి" అన్నారు డాక్టరు గారు, ఫోన్ మూతికి చెయ్యి అడ్డం పెట్టి.

నేను చదివాను. రోజూ చదివేదే కదా, నోరు చదివేసింది. "పేరు సత్యవతి..."

"సత్యవతెవరండీ?"

తలుపు దగ్గర నాగమణి. లోపలికి రావద్దన్నా గుమ్మం పట్టుకుని అక్కడే నిలబడి ఉంది.

"మా ఆయన పేరు దొరబాబండీ. సత్యవతి కాదండీ" అంది మళ్ళీ, మేము వినలేదేమోనని.

పెయింట్‌లో బొమ్మని కిందికి జరిపి చూశాను. పొద్దున్న తీసిన పెద్దావిడ బొమ్మ. డాక్టరు గారు నొక్కిన బటన్ పడలేదు. పాతది లోపల అలాగే ఉండిపోయింది. దానిలోనూ దెబ్బ ఉంది, రక్తం ఉంది. కుడివైపు. అది చూసి విశాఖ నుంచి కుడివైపు తెరవమని చెప్పేవారు. ఇక్కడ మూర్తి గారు తెరిచేవారు.

రాఘవరావు గారు ఫోన్‌లో, "ఒక్క నిమిషం మూర్తి గారూ" అన్నారు. రిసీవర్ బల్ల మీద పెట్టి వచ్చి, ఈసారి బొటనవేలితో ఆ బటన్‌ని లోపలికంటా నొక్కారు. కొత్తగా ఇంకో పెయింట్ తెరిచి బొమ్మ దించారు. మూలలన్నీ కనబడేలా జరిపారు.

"చదవండి."

"దొరబాబు. మగ. ఎడమ."

"మళ్ళీ."

మళ్ళీ చదివాను. ఆయన నాగమణి వైపు తిరిగి, "మీ ఆయన ఇంటిపేరుతో సహా చెప్పమ్మా" అన్నారు. ఆవిడ చెప్పింది. తెర మీద అక్షరం అక్షరం వేలు పెట్టి చూసుకున్నారు.

వానలో ఫ్లాపీ

అంతటితో అయిపోలేదు. పెయింట్ మామూలుగా దాచే రకంలో దాస్తే ఆ బొమ్మ ఫ్లాపీలో పట్టలేదు. జేపీజీగా మార్చి దాస్తే చిన్నదయింది. "చిన్నదయితే అంచులు చెదరవా? రక్తం గీత తప్పుగా కనపడదా?" అని డాక్టరు గారి భయం. దాచినదాన్ని మళ్ళీ తెరిచి, అసలు బొమ్మ పక్కన పెట్టి పోల్చి చూశారు. ఫరవాలేదన్నారు. ఫ్లాపీలని నేను నమ్మను, ఒక కంప్యూటర్‌లో రాసింది ఇంకోదాంట్లో తెరుచుకోవడం అదృష్టం. అందుకని రెండు ఫ్లాపీలు చేసి, ప్లాస్టిక్ కవరులో చుట్టి ప్రసాద్‌కి ఇచ్చాను. చొక్కా లోపల పెట్టుకుని స్కూటర్ మీద వెళ్ళాడు.

దొరబాబుని అప్పటికే మూర్తి గారి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. తల గొరిగి సిద్ధం చేస్తున్నారు. నాగమణి మాత్రం మా గుమ్మంలోనే ఉండిపోయింది. "అక్కడికి వెళ్ళమ్మా" అంటే, "ఆ బొమ్మ వెళ్ళిందని చెబితే వెళ్తానండీ" అంది.

నెట్ సెంటర్ నుంచి ప్రసాద్ ఫోన్ చేశాడు. మొదటి ఫ్లాపీ తెరుచుకోలేదు. రెండోది తెరుచుకుంది. లైను రెండుసార్లు తెగిపోయింది. వానకి టెలిఫోన్ లైన్లన్నీ గరగరమంటున్నాయి. "తెర మీద పంపే గీత పాకుతోందండీ మేడం, సగం దాకా వచ్చింది" అన్నాడు. "ఇంకొంచెం" అన్నాడు. మళ్ళీ, "ఆగిపోయిందండీ" అన్నాడు. రిసీవర్ పట్టుకున్న నా చెయ్యి తిమ్మిరెక్కింది, అయినా ఆ చెయ్యి మార్చబుద్ధి కాలేదు. మారిస్తే లైను తెగుతుందేమోనన్న పిచ్చి భయం. పక్కన డాక్టరు గారు కళ్ళజోడు తుడిచి పెట్టుకుని, మళ్ళీ తీసి తుడుస్తున్నారు.

"వెళ్ళిందండీ!" అన్నాడు ప్రసాద్. ఆ మాట చెప్పాకే నాగమణి మా గుమ్మం వదిలి మూర్తి గారి ఆసుపత్రికి వెళ్ళింది.

కాసేపటికి విశాఖ డాక్టరు గారు నేరుగా మా సెంటర్‌కి ఫోన్ చేశారు. "బొమ్మ స్పష్టంగా ఉంది. ఎడమ అని ఉంది, ఎడమేనా?"

"ఎడమేనండీ. నేను మూడుసార్లు చూశాను. పేషెంటు భార్య కూడా చూసింది" అన్నారు రాఘవరావు గారు.

అవతల ఆయనకి ఏం అర్థమైందో తెలియదు. మూర్తి గారి నంబరు తీసుకుని పెట్టేశారు.

ఆ తర్వాత దొరబాబు కోసం మేము చెయ్యగలిగింది లేదు. అదే అన్నిటికన్నా కష్టం. మిగతా పేషెంట్లు వస్తున్నారు, తీస్తున్నాం, చదువుతున్నాం. నేను ప్రతి పేరూ గట్టిగా, ఒక్కో అక్షరం విడదీసి చదువుతున్నాను. డాక్టరు గారికి మధ్యలో ఒక సంగతి గుర్తొచ్చింది. "నెట్ సెంటర్ కంప్యూటర్లో బొమ్మ ఉంచేశారా? అందులో అతని పేరుంది కదా" అని, అప్పుడే తడిసి వచ్చిన ప్రసాద్‌ని చెరిపేసి రమ్మని మళ్ళీ పంపారు. ఆవేళ ప్రసాద్ విసుక్కున్నాడు. ఇప్పుడు సెల్‌ఫోన్లలో ఎవరి స్కాన్ ఎవరికి వెళ్తోందో చూస్తుంటే ఆయన చేసింది ఎంత సబబో తెలుస్తోంది.

దీపాలు పెట్టే వేళకి మూర్తి గారి ఆసుపత్రి నుంచి నర్సు ఫోన్ చేసింది. రక్తం తీసేశారు. మనిషి ఉన్నాడు. పిలిస్తే కళ్ళు తెరిచాడు. రాఘవరావు గారు విని, "మంచిదమ్మా" అని, లేచి బాత్రూంలోకి వెళ్ళారు. నీళ్ళ చప్పుడు చాలాసేపు వినిపించింది. ఎర్రబడిన కళ్ళతో బయటికి వచ్చి, "తర్వాతి పేషెంటుని పిలవండి" అన్నారు.

తర్వాత

మర్నాడే ఓనరు కొత్త కీబోర్డు పంపించారు. డాక్టరు గారు దాంతో తృప్తిపడలేదు. కొత్త నియమం చేర్చారు. ఎవరి బొమ్మ అయినా తీసేముందు పెయింట్‌లో ఒక ఖాళీ తెల్ల ముక్కని కత్తిరించి కాపీ చెయ్యాలి. అప్పుడు లోపల ఉన్న పాత బొమ్మ పోయి, తెల్లది చేరుతుంది. ఆ తర్వాత ప్రింట్ స్క్రీన్ నొక్కినప్పుడు అది పడకపోతే, దించినప్పుడు తెల్లగా వస్తుంది. వేరే మనిషి తల రాదు. నేను రిటైరయ్యేదాకా అలాగే చేశాను. పిల్లలు నవ్వేవారు, నవ్వనిచ్చాను.

మూడో రోజున నాగమణి మా సెంటర్‌కి వచ్చింది. దొరబాబు ఎలా ఉన్నాడని నేను అడిగేలోపే ఆవిడ అడిగింది. "ఆ సత్యవతి గారికి ఎలా ఉందండీ?"

అంత గందరగోళంలో ఆ పెద్దావిడ సంగతి మాలో ఎవరమూ కనుక్కోలేదు. అప్పటికప్పుడు ఫోన్ చేసి వాకబు చేశాను. బాగానే ఉన్నారు, ఇంటికి పంపించేశారు అన్నారు. అది విని నాగమణి, "ఆయ్, మంచిదండీ" అని వెళ్ళిపోయింది.

దొరబాబు బతికాడు. కుడిచెయ్యి మాత్రం పూర్తిగా రాలేదు. అందరూ అది విజయం అన్నారు, విజయమే. కానీ దింపు కార్మికుడికి కుడిచెయ్యి పోవడమంటే ఏంటో చెట్టెక్కనివాళ్ళం మనం చెప్పలేం. బొమ్మ ఇంకో అరగంట ముందు వెళ్ళి ఉంటే ఆ చెయ్యి దక్కేదా అని నేను మూర్తి గారిని ఒకసారి అడిగాను. "అలాంటివి అడక్కండి కరుణ గారూ" అన్నారు.

చాలా ఏళ్ళకి, రామచంద్రపురంలో చర్చిలో ఒక పెళ్ళికి వెళ్ళి తిరిగి వస్తూ బస్సు కోసం నిలబడ్డాను. ఎండ మండిపోతోంది. రోడ్డు పక్కన బండి మీద కొబ్బరి బొండాలు అమ్ముతున్న మనిషిని చూశాను. తల మీద ఎడమవైపు, చెవికి పైన, జుట్టు మొలవని వంకర గీత. ఆనాడు నేను చూసింది ఆ తల లోపలిభాగం. అతను నన్ను ఎప్పుడూ చూడలేదు. నేనెవరో చెప్పలేదు, చెప్పి ఏం అడగను?

"బొండం కొట్టమంటారాండీ?"

"కొట్టండి."

కుడిచేతి మణికట్టుతో బొండాన్ని బండి చెక్కకి అదిమిపెట్టి, ఎడమచేత్తో కత్తి ఎత్తాడు.

"చూసుకుని కొట్టండి బాబూ" అన్నాను.

"అలవాటైపోయిందండీ" అని నవ్వాడు.

కత్తి దిగిన ప్రతిసారీ నేను కళ్ళు మూసుకున్నాను.